ఎవరూ పలకరించని బ్యాచ్

జూన్ 9

నా ఎలుకలు మరచిపోవడం లేదు. బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు. నాకు మాత్రం ఏడుపొస్తోంది.

పాలు మానిన రోజు నుంచీ సగం ఎలుక పిల్లల్ని ఒక్కొక్కదాన్ని విడి బోనులో పెట్టాను. మిగతావి నాలుగేసి కలిసి ఒక బోనులో ఉన్నాయి. తిండి, నీళ్ళు, వరి ఊక, లైటు అన్నిటికీ ఒకటే. తోడు ఒక్కటే తేడా. రెండు నెలలయ్యాక టెస్టు. ఖాళీ పెట్టెలో ఒకేలాంటి గాజు సీసాలు రెండు పెడతాం. ఎలుక తిరిగి తిరిగి వాసన చూస్తుంది. కాసేపాగి ఒక సీసా తీసేసి ఇత్తడి తాళం పెడతాం. జ్ఞాపకం ఉన్న ఎలుక సీసాను వదిలేసి తాళం దగ్గరికి పోతుంది. జ్ఞాపకం దెబ్బతిన్నదానికి రెండూ ఒకటే. నేను చదివిన పేపర్లలో చాలావాటిలో ఒంటరి ఎలుకలు ఇక్కడే తప్పాయి. నావి మాత్రం దొరసానుల్లా తిన్నగా తాళం దగ్గరికే నడుస్తున్నాయి.

మా గైడ్ ప్రకాశం సార్ గ్రాఫ్ చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బోనులు కలిసిపోయాయా అని అడిగారు. తోకల మీద మార్కర్ గుర్తులు చెరిగిపోయాయేమో అన్నారు. లేదు సార్ అన్నాను. అయితే నువ్వే ఏదో తప్పు చేసి ఉంటావ్, వెతుక్కో అన్నారు. డిసెంబర్‌తో ఫెలోషిప్ అయిపోతుంది. ఎక్కడని వెతకను?

జూన్ 12

ఇంట్లో గట్టిగా తుమ్మినా తప్పే ఇప్పుడు.

పైన రేకుల గదిలో తమ్ముడు నందు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పోయినసారి కొద్దిలో పోయింది. ఈసారి పోకూడదని ఇల్లంతా నోరు కట్టేసుకుంది. టీవీ మీద దుప్పటి కప్పి చాలా కాలమైంది. బాపు కొట్టంలో బర్రెల్ని కూడా గుసగుసగా అదిలిస్తున్నాడు. మా జహనుమా బస్తీలో గుసగుసలాడే పాలవాడు ఆయనొక్కడే ఉంటాడు. అమ్మ పళ్ళెం పట్టుకెళ్ళి గడప ముందు పెట్టి, తలుపు ఒకసారి తట్టి దిగొచ్చేస్తుంది. చుట్టాలొస్తే నందు ఊళ్ళో లేడంటాం. వాడి ఫోన్ అమ్మ బీరువాలో ఉంది.

ఈ ఏర్పాటు నాదే. చదువు విషయంలో ఇంట్లో నా మాటే చెల్లుతుంది. పీహెచ్‌డీ బిడ్డ చెప్పిందంటే బాపుకి కోర్టు తీర్పు లెక్క. మనుషులు వచ్చిపోతుంటే దృష్టి చెదురుతుంది, చదివింది నిలవదు అని చెప్పాను. నేను కూడా పైకి వెళ్ళను. రూల్ పెట్టినదాన్నే రూల్ తప్పితే ఎలా?

జూన్ 21

సాయంత్రం మాజ్ వచ్చాడు. ఒకటో క్లాసు నుంచీ నందుకి దోస్తు. చార్మినార్ దగ్గర వాళ్ళ నాన్న గాజుల దుకాణంలో కూర్చుంటాడు. రోజూ దుకాణం కట్టేశాక వచ్చి వీధిలో నిలబడి ఈల వేసేవాడు, ఆ ఈలకు మా దూడలు కూడా చెవులు నిక్కించేవి. పోయిన ఏడాదే రావద్దని చెప్పాను. పాపం, రాలేదు.

ఇవాళ వచ్చింది నికాహ్ కుదిరిందని చెప్పడానికి. జులైలోనట. నందుకి తానే చెప్పాలని మెట్ల వైపు నడిచాడు. అడ్డం నిలబడ్డాను. నేను చెబుతాలే, ఇప్పుడు వద్దు, పరీక్ష నెత్తి మీదుంది అన్నాను. మాజ్ పైకి చూసి, వాని షేర్వానీ కొలత కావాలె అక్కా, నా పక్కన నిలబడేది వాడే గదా అన్నాడు. చూద్దాంలే అని పంపేశాను.

నందుకి చెప్పలేదు. చెబితే వారం రోజులు చదువు పోతుంది. ఇంట్లో అందరం అనుకున్నాం, పరీక్ష అయ్యాక చెబుదామని. మా అమ్మ వాళ్ళన్నయ్య పోయినప్పుడు నాకూ అలాగే నా పరీక్షలయ్యాకే చెప్పారు. మా ఇళ్ళల్లో అదే పద్ధతి.

జులై 3

దొరికింది తప్పు. అది నేనే.

యానిమల్ హౌస్‌లో కెమెరా ఉన్న సంగతి అందరికీ తెలుసు, నాకూ తెలుసు. పాత రికార్డింగులు చూడాలన్న ఆలోచన అలీనాకి వచ్చింది. అలీనా నా ల్యాబ్‌మేట్. సార్ గదిలో పెద్ద స్క్రీన్ మీద వేశారు. బోను మార్చే రోజులు. నేను వస్తాను. మూత తీయకముందే ఏదో అంటున్నాను. చెయ్యి లోపల పెట్టి ఎలుక వీపు మీద అరచేయి వేస్తున్నాను, మెడ దాకా నిమురుతున్నాను, ఇంకా ఏదో అంటున్నాను. కొన్నిటిని ఎత్తి మోచేతి వంపులో పెట్టుకుని పాత ఊక పారబోస్తున్నాను. ప్రతి బోను దగ్గరా ఇదే. ఒక్కదాన్నీ వదల్లేదు. మాట వినిపించడం లేదు, పెదాలు మాత్రం ఆగడం లేదు.

ఏం మాట్లాడుతున్నావమ్మా అన్నారు సార్. నాకు నిజంగా తెలియదు. నేను అలా చేస్తున్నానని కూడా తెలియదు. కొట్టంలో పెరిగినదాన్ని. బర్రె వెనక నుంచి వెళ్తే ముందు గొంతు వినిపించాలి, వీపు మీద చెయ్యి వేయాలి, ఆ తర్వాతే పొదుగు దగ్గర కూర్చోవాలి. లేకపోతే తన్ని పళ్ళు రాలగొడుతుంది. నడక రాకముందే ఇది నేర్పుతారు మాకు. జంతువు అనగానే నా చెయ్యి దానంతటదే వెళ్తుంది.

నీవి ఒంటరి ఎలుకలు కావు యశోదా, రోజు విడిచి రోజు నీతో ముచ్చట పెట్టే ఎలుకలు అన్నారు సార్. గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

జులై 4

ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో నా వీడియోకి బోనాల డప్పు కలిపారు. సచ్చినోళ్ళు.

జులై 11

రెండో బ్యాచ్. కొత్త పిల్లలు, కొత్త రూల్స్. మూతికి మాస్కు, పొడుగు పటకారు, మందం గ్లవ్స్. మాట్లాడకూడదు, నిమరకూడదు. పటకారుతో తోక మొదలు దగ్గర పట్టి కొత్త బోనులో దించి వెళ్ళిపోవాలి. సార్ కెమెరా చూస్తారట. చూసుకోనీ.

ఇవాళ నోరు మూసుకుని ఉండడానికి ఎంత కష్టపడ్డానో! పళ్ళ మధ్య నాలుక కొరుక్కున్నాను. బయటికొచ్చాక వాచ్‌మన్‌తో అక్కర్లేని మాటలన్నీ మాట్లాడాను. ఆయన భయపడ్డాడు.

జులై 25

మాజ్ నికాహ్. అమ్మా నేనూ వెళ్ళాం. మాజ్ మొహం మీది సెహ్రా పూలదండలు పక్కకు జరిపి మా వెనక ఎవరైనా ఉన్నారా అని చూశాడు. నందు రాలేదా అని అడగలేదు, నేనే చెప్పాను, పరీక్ష ఉంది, రానన్నాడని. తలూపాడు. వాడి పక్కన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది, తర్వాత ఎవరో చిన్నాన్న వచ్చి కూర్చున్నాడు.

బిర్యానీ బాగుంది. తిన్నాను. ఆటోలో అమ్మ అంది, వాడు వచ్చుంటే ఎంత ఎగిరెటోడో అని. కాసేపటికి తనే, పోనీలే, ఉద్యోగమొస్తే ఇట్లాంటివి వంద చూస్తడు అంది.

ఆగస్టు 8

పరీక్ష వాయిదా. నవంబర్‌లోనట.

పై గది నుంచి ఏ చప్పుడూ రాలేదు. నేనైతే పుస్తకాలు కిటికీలోంచి విసిరేదాన్ని.

ఆగస్టు 19

నందు ఆన్‌లైన్ మాక్ టెస్టుల మార్కులు నాకే వస్తాయి, అకౌంట్ నా పేరు మీద ఉంది. పడిపోతున్నాయి. జనవరిలో కళ్ళు మూసుకుని పెట్టిన జవాబులు ఇప్పుడు తప్పు పెడుతున్నాడు. తెలంగాణ చరిత్ర, వాడికి నీళ్ళప్రాయం, అందులోనే ఎక్కువ పోయాయి.

బాపుకి చెప్పాను. ఇంట్ల లొల్లి ఎక్కువైంది బిడ్డా అన్నాడు. ఏం లొల్లి? బర్రెలు అరుస్తాయి, క్యాన్లు మోగుతాయి, పక్కింట్లో కుట్టుమిషన్ ఆడుతుంది. పురానాపూల్‌లో ఆయన దోస్తు ఇంటి పై పోర్షన్ ఖాళీగా ఉందట, ఇంటివాళ్ళు కూడా లేరు. పరీక్ష దాకా వాణ్ణి అక్కడ పెడదామన్నాడు. అమ్మ ముక్కు చీదింది. ముందు సరే అన్నది నేనే.

ఆగస్టు 23

నందుని దింపొచ్చాం. ఒక పరుపు, ఒక టేబుల్, పుస్తకాలు. వాడు మమ్మల్ని వెళ్ళమనలేదు, ఉండమనలేదు.

పాలు పోసే బాలరాజ్ మామ అటు వైపు రోజూ వెళ్తాడు. టిఫిన్ క్యారియర్ మెట్ల మీద పెట్టి, పాత గిన్నెలు తీసుకొచ్చేస్తాడు.

సెప్టెంబర్ 6

ఒకటి కరిచింది. మందం గ్లవ్ దాటి దిగింది పన్ను. మొదటి బ్యాచ్‌లో ఒక్కటీ కరవలేదు. వీటి బోను మూత ముట్టుకుంటేనే మూలకు దూకి నిక్కి నిలబడుతున్నాయి.

సార్‌కి చెబితే, గుడ్ అన్నారు.

సెప్టెంబర్ 17

రెండో బ్యాచ్ టెస్టు అయిపోయింది. కలిసి పెరిగినవి తాళం దగ్గరికి వెళ్ళాయి. ఒంటరివి సీసా దగ్గరా తాళం దగ్గరా ఒకేలా తచ్చాడాయి, కొన్నైతే గోడ వెంబడి తిరుగుతూనే ఉన్నాయి, మధ్యలోకే రాలేదు. అరే, ఇందాకే చూశావు కదే దీన్ని అని నోటి దాకా వచ్చింది.

సార్ కుర్చీలోంచి లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. థీసిస్ గట్టెక్కింది. సంతోషం రావాలి. రాలేదు. రోజంతా కాలు నిలవక కారిడార్ పొడుగునా తిరిగాను, అలీనా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

సెప్టెంబర్ 22

ఆదివారం. బాలరాజ్ మామ ఫోన్‌లోంచి నందు వారానికోసారి మాట్లాడతాడు. అమ్మ స్పీకర్ పెట్టింది. తిన్నవా అంటే తిన్న అన్నాడు. చదువుతున్నవా అంటే తిన్న అన్నాడు.

మస్తు సీరియస్ అయిండు అంది అమ్మ, గర్వంగానే.

అక్టోబర్ 5, పొద్దున

కొట్టం పక్కన మంచం మీద కూర్చుని థీసిస్‌లో మెథడ్స్ రాస్తున్నాను. ఎలుకల్ని ఎలా ఉంచామో రాసే భాగం. ఒక్కొక్క బోనులో ఒక్కొక్కటి. తిండీ నీళ్ళూ వేళకు అందించబడినవి. పని చేసేవారు పలకరించలేదు, ముట్టుకోలేదు.

పక్కనే అమ్మ బాలరాజ్ మామకి క్యారియర్ ఇస్తోంది. అన్నా, మెట్ల మీద పెట్టి రా, పిలవకు, మాట్లాడకు, వాడు చదువుకుంటుంటడు, నీళ్ళ క్యాన్ ఉందో లేదో చూడు చాలు అంది.

నేను ఇంగ్లీషులో రాస్తున్న వాక్యమే అమ్మ తెలుగులో చెబుతోంది.

లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. లాప్‌టాప్ మూసేశాను. ఏ పాపం తెలియని అమ్మని కాదు, నన్ను చెప్పుతో కొట్టాలి. ఒంటరిగా పెడితే మతి పోతుందని రుజువు చెయ్యడానికి జీతం తీసుకుంటున్నాను. మతి నిలవాలని నా తమ్ముణ్ణి ఒంటరిగా పెట్టాను. రెండూ ఒకే ఏడాది, ఒకే బుర్రతో.

అక్టోబర్ 5, సాయంత్రం

వాణ్ణి ఇంటికి తెద్దామన్నాను. ఇంట్లో యుద్ధం. నువ్వే గదా అన్నవ్ అన్నాడు బాపు. అన్నాను. ఎలుకలకూ మనిషికీ పోలికేంది, నా కొడుకు ఎలుకనా అన్నాడు. సరైన ప్రశ్నే. సార్ కూడా అదే అంటారు, ఎలుక నుంచి మనిషికి గెంతకూడదని. కానీ మార్కులు ఎలుకవి కావు కదా, వాడివే కదా. ఒక్క నెల ఆగు, ఇప్పుడు కదిలిస్తే అంతా పోతది అని అమ్మ ఏడ్చింది. తేలలేదు.

అక్టోబర్ 7

పురానాపూల్ వెళ్ళాను, ఎవరికీ చెప్పకుండా.

తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. గడ్డం పెరిగింది. గది శుభ్రంగా ఉంది, మరీ శుభ్రంగా ఉంది. కూర్చో అనలేదు. గోడ వెంబడి ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉన్నాడు. ఏం చదువుతున్నావు అంటే ఒక పుస్తకం చూపించాడు. కాసేపాగి అదే పుస్తకం మళ్ళీ చూపించాడు.

దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. ఆ తర్వాత అడిగాడు.

"మాజ్‌గాని నికాహ్ ఎప్పుడక్కా? పోయినేడే అన్నడు, పిల్లను చూస్తున్నరని. నాకు చెప్పకుండ చేసుకోడు."

ఇప్పుడు కాదు, పరీక్ష అయ్యాక చెబుదాం అనుకున్న మాట గొంతులో ఉంది. అబద్ధమాడలేకపోయాను. జులైలో అయిపోయిందిరా అన్నాను. నేనే నీకు చెప్పలేదు, నువ్వు పరీక్ష ఉందని రానన్నావని వాడికి చెప్పాను అన్నాను.

నడక ఆగింది. తలుపు తెరిచి పట్టుకున్నాడు, నేను బయటికి వచ్చేదాకా.

అక్టోబర్ 8

పురానాపూల్ నుంచి క్యారియర్ నిండుగా తిరిగొచ్చింది. ఇంట్లో చెప్పాను జరిగింది. బాపు కొట్టంలోకి వెళ్ళి అక్కడే కూర్చున్నాడు.

వాడికేమైనా అయితే? రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

అక్టోబర్ 9

చార్మినార్ దగ్గర మాజ్ దుకాణానికి వెళ్ళాను. పండగ గిరాకీ, ఆడవాళ్ళు ముంజేతులు చాపి కూర్చున్నారు. నన్ను చూసి, రా అక్కా, ఏ సైజు అన్నాడు, ఎవరో తెలియని గిరాకీతో మాట్లాడినట్టు. అందరి ముందే చెప్పేశాను. నందుకి నికాహ్ సంగతే తెలియదు, చెప్పనిది నేను, అడ్డుపడింది నేను అని. ఇప్పుడు వాడు తినడం లేదని చెప్పాను.

మాజ్ చేతిలో గాజుల వరస అలాగే ఉండిపోయింది. మెల్లగా అన్నాడు.

"రెండున్నర నెలలు వాణ్ణి తిట్టుకున్న అక్కా. మనసుల రోజూ తిట్టిన. గది నాతోని ఎందుకు చేయించినవ్?"

గాజులు గిరాకీ ఒళ్ళో పెట్టి, నాన్నకి ఏదో చెప్పి, బండి తాళం తీసుకున్నాడు.

నేను పురానాపూల్‌లో మెట్ల కింద నిలబడ్డాను. ముందు తలుపు బాదిన చప్పుడు. తర్వాత నందు గొంతు. ఏడాదిగా ఇంత పెద్దగా వినని గొంతు, అలా అరవగలడని మరిచేపోయాను. పో అంటాడు, ఇంకా ఏవేవో బూతులు. మాజ్ కూడా తగ్గలేదు. ఏదో పగిలింది. కాసేపటికి మాజ్ చొక్కా గుండీలు తెగి దిగొచ్చాడు. పెదవి చిట్లింది. ఇక అయిపోయిందనుకున్నాను. నన్ను దాటి వీధిలోకి వెళ్ళి, ఇరానీ హోటల్ నుంచి రెండు చాయ్‌లు పట్టుకుని మళ్ళీ పైకెక్కాడు.

అక్టోబర్ 14

సార్ మిగిలిన ఒంటరి ఎలుకల్ని తోడుతో కలిపి చూద్దామన్నారు. ఇవాళ కలిపాం. కలిపీ కలపగానే కొట్టుకున్నాయి. అలీనా విడదీద్దామంది. రక్తం వచ్చేదాకా ఆగుదామన్నాను. రాలేదు. సాయంత్రానికి ఒకే మూలలో వీపులు ఆనించుకుని పడుకున్నాయి.

సార్ కెమెరా వైపు చూసి, ఇప్పుడు మాట్లాడుకో అన్నారు. మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాను.

అక్టోబర్ 19

నందు ఇంటికొచ్చాడు. మాజ్ బండి మీద, పరుపు నెత్తిన పెట్టుకుని. నాతో మాట్లాడడం లేదు. కింది గదిలోనే పడక. అమ్మ టీవీ మీది దుప్పటి తీసి ఉతికింది.

నవంబర్ 3

సదర్, దీపావళి తర్వాత వచ్చే మా దున్నపోతుల పండగ. మా మురిపాల దున్నకు నూనె రాసి, కొమ్ములకు నెమలీకలు కట్టి తీసుకెళ్ళారు. నందు పగ్గం పట్టుకోలేదు, గుంపులో వెనకగా నడిచాడు. డప్పుల మధ్య మాజ్ వాడి చెవిలో అరుస్తూ ఏదో అడుగుతున్నాడు, రాజ్యాంగంలో ఏదో ఆర్టికల్ అనుకుంటాను. నందు తప్పు చెప్పినట్టున్నాడు, వీపు మీద మాజ్ దెబ్బ ఒకటి పడింది.

మాక్ టెస్టులో పదిహేను మార్కులు పెరిగాయి. జనవరిలో ఉన్నంత లేవు. తోడుతో కలిపిన ఎలుకలూ అంతే, కొన్ని తాళం దగ్గరికి వెళ్ళాయి, కొన్ని ఇంకా గోడ పట్టుకునే తిరుగుతున్నాయి. తిరిగొచ్చేది ఎంతో, రానిది ఎంతో ఇంకా తెలియదు. సార్ థీసిస్‌లో మొదటి బ్యాచ్ తీసెయ్యమన్నారు. తీసెయ్యను అన్నాను. సార్‌తో అలా అనడం ఇదే మొదలు.

నవంబర్ 16

పరీక్ష రాసొచ్చాడు. ఎలా రాశావని ఎవరూ అడగలేదు.

అమ్మ కొట్టంలో ఉంది. నేనే వడ్డించాను. ఇన్నాళ్ళ తర్వాత నాతో మాట్లాడాడు, అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా.

"అమ్మ పళ్ళెం పెట్టిపోయేది. బాపు మెట్ల దాక వచ్చి దగ్గేటోడు. నువ్వు ఒక్కసారన్న పైకి ఎందుకు రాలే అక్కా?"

పెరుగు వేశాను.